సిర్ర దెబ్బ చెవిని చేరే దారి

డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతి వేళ్ల సందున ఆడే సన్నటిది చిటికెన పుల్ల. మంటకు కాచిన తోలు మీద సిర్ర పడితే ఛాతీకి తగులుతుంది, చిటికెన పుల్ల పడితే చెవికి తగులుతుంది. రేగొండలో మా మేనల్లుడు కొత్త ఫోను కొనడానికి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరినప్పుడు అడిగింది ఈ రెండో పుల్ల గురించే. "మామా, నా ఫోన్ల సిర్ర ఇనవడ్తది. చిటికెన పుల్ల గొడితే మాత్రం ఉత్త ఇసుక రాలినట్టుంటది. అది సక్కగ ఇనిపిచ్చే ఫోను గావాలె."

కెమెరా అడగలేదు, ఆటలు అడగలేదు. కొడవటంచ జాతరలో వాడి దోస్తు చిన్న రికార్డరు పెట్టి పట్టిన డప్పు దరువు ఒకటుంది. దోస్తు దాన్ని యూట్యూబులో పెడితే వీడు రోజూ వింటున్నాడు. ఆ దరువే వాడి కొలబద్ద.

సెల్లు దుకాణంలో పిల్లవాడు అలవాటు ప్రకారం ఫోను అడుగునున్న స్పీకరు మీద పాట పెట్టి సౌండు మొత్తం పెంచాడు. మహబూబాబాద్ జిల్లా కంబాలపల్లిలో పుట్టిన చక్రి బాణీ అది. గొంతు గల్లా దాటి రోడ్డు మీదికి వినబడింది కానీ పాటకు కాళ్లు లేవు. చిటికెన వేలి గోరంత పొర ఎంత ఊగినా మంద్రస్థాయికి కావలసినంత గాలిని నెట్టలేదు. స్పీకరు మోత చూసి సంగీతం ఫోను ఎంచుకోవడమంటే ఎద్దు రంకె విని దుక్కి ఎట్లా దున్నుతుందో చెప్పడమే. చూడాల్సింది లోపలి దారి. అంకెలుగా పడుకున్న దెబ్బ మళ్లీ గాలిగా లేచేదాకా ఎన్ని చేతులు మారుతుందో చూడాలి.

మొదటి మజిలీ ఫైలు. సీడీ నాణ్యత అంటే ధ్వని అలను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఒకదాని మీద నిలబెట్టడం. మనిషి చెవికి అందే పైహద్దు సుమారు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలిస్తే ఆ హద్దులోపలి అల మొత్తం తిరిగి కట్టుకోవచ్చు. మరి 44,000 కాకుండా ఆ పైన 100 ఎందుకు? తొలినాళ్లలో ఈ అంకెలను దాచడానికి వీడియో టేపే గతి. అమెరికా, జపాన్ పద్ధతి వీడియోలో సెకనుకు 60 క్షేత్రాలు (ఒక్కోటి సగం బొమ్మ), ఒక్కోదాంట్లో వాడుకోదగిన 245 గీతలు, గీతకు 3 కొలతలు: గుణిస్తే 44,100. ఐరోపా పద్ధతిలో 50 క్షేత్రాలు, 294 గీతలు, గీతకు 3. మళ్లీ అదే 44,100. రెండు పద్ధతుల టేపుల్లోనూ ఇమిడే అంకె కాబట్టి అదే నిలిచిపోయింది. 1982లో సీడీ బజారుకొచ్చింది. టేపు పోయింది, సీడీ కూడా దాదాపు పోయింది, అంకె మాత్రం మన జేబులో ఉంది.

ఆ లెక్కన 2 చానళ్లకు కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు, 4 నిమిషాల పాటకు 42 మెగాబైట్లు. ఫ్లాక్ పద్ధతి ఒక్క అంకె కూడా పోకుండా దాన్ని ఇంచుమించు సగానికి మడత పెడుతుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే 4 మెగాబైట్లలోపే ముగిస్తుంది. ఇంత పొదుపు ఎక్కడ దొరికింది? పెద్ద చప్పుడు పక్కనున్న చిన్న చప్పుడును చెవి పట్టించుకోదు. ఎంపీ3 ఆ చిన్నదాన్ని ముతకగా రాసి ఊరుకుంటుంది. మేనల్లుడి ఇసుక ఇక్కడే పుడుతుంది. ఎంపీ3 ధ్వనిని 1,152 కొలతల ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. ముతకగా రాసినందువల్ల వచ్చే తప్పు ముక్క అంతటా చల్లినట్టు పరుచుకుంటుంది. డప్పు దెబ్బ ముక్క చివర్లో పడిందనుకోండి, తప్పు తాలూకు దుమ్ము దెబ్బకంటే ముందే, నిశ్శబ్దం మీద లేస్తుంది. ఈ పద్ధతి రూపొందించినవాళ్లు దీన్ని ముందే ఊహించారు. దెబ్బ రాబోతోందని పసిగట్టగానే కొలిచే కిటికీని మూడో వంతుకు కుదించి, దుమ్మును దెబ్బ నీడలోనే దాచేసే ఏర్పాటు చేశారు. బిట్లు ధారాళంగా ఇస్తే ఆ దాపరికం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పిసినారితనం చేస్తే తాళాల మోతా, చిటికెన పుల్లా ముందు బలవుతాయి. యూట్యూబు వాడే పద్ధతులు ఎంపీ3 కంటే నయమే గానీ అదే వంశం. కాబట్టి ఫోను మార్చకముందే వాడికి చెప్పాను: "ముందుగాల దోస్తు దగ్గరికి వోయి అసలు ఫైలు కార్డుల ఏసుకోని రా."

ఫైలు నుంచి బయల్దేరిన అంకెలు ఆండ్రాయిడ్‌లోని మిక్సరు దగ్గర ఆగుతాయి. పాట, మెసేజీ టింగుమనడం, అలారం అన్నీ ఒకే నాళంలో కలవాలి కాబట్టి అది చాలా ఫోన్లలో అన్నిటినీ సెకనుకు 48,000 కొలతలకు మార్చేస్తుంది. ప్రతి 147 కొలతల చోట 160 కొత్తవి లెక్కగట్టాలి. శ్రద్ధగా రాసిన ప్రోగ్రామైతే ఈ మార్పు చెవికి తెలియదు. ఇష్టం లేనివాళ్లకు ఆండ్రాయిడ్ 14 నుంచి యూఎస్‌బీ దారిలో అంకెల్ని ముట్టుకోకుండా పంపే వెసులుబాటు వచ్చింది, ఫోనూ ఆప్ రెండూ ఒప్పుకుంటే. దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

తరువాతి మజిలీ దగ్గర మాత్రం కూర్చుని చూడాలి. అంకెను విద్యుత్తుగా మార్చే డాక్ అనే భాగం అది. మామూలుగా తోచే ఉపాయం నిచ్చెనలాంటి నిరోధకాల వరస: పెద్ద అంకెకు పెద్ద మెట్టు, చిన్న అంకెకు చిన్న మెట్టు. చిక్కేమిటంటే 65,536 మెట్లలో పెద్ద మెట్టు లక్షలో ఒకటిన్నర వంతు తేడా వచ్చినా చిన్న మెట్టు అందులో మునిగిపోతుంది. అంత సరిసమానంగా నిరోధకాలను చెక్కడం అతి ఖరీదు, ఎండకు వేడెక్కితే అవి మళ్లీ తేడా. అందుకే ఇప్పటి డాక్‌లు నిచ్చెనను వదిలేసి కిరాణా కొట్టు ఖాతా పద్ధతి పట్టుకున్నాయి. ఒకింటివాళ్లు రోజూ 7 రూపాయల సరుకు తెస్తారు. ఇంట్లో ఉన్నవన్నీ 10 రూపాయల నోట్లే. ఒకరోజు నోటు ఇస్తారు, మిగిలింది ఖాతాలో పడుతుంది. ఇంకోరోజు ఏమీ ఇవ్వకుండా ఖాతాలో ఉన్నది వాడుకుంటారు. ఏ ఒక్కరోజు చూసినా లెక్క తప్పే. 10 రోజులకు 7 నోట్లు ఇచ్చి ఉంటారు, బాకీ పైసా ఉండదు. సిగ్మా-డెల్టా అనే పద్ధతి ఇదే: ఉన్నది ఒకటో రెండో ముతక మెట్లు, ప్రతిసారీ మిగిలిన తప్పును మరిచిపోకుండా తరువాతి లెక్కలో కలపడం. 44,100కు 64 రెట్లు, అంటే సెకనుకు 28,22,400 సార్లు ఇలా ఇచ్చిపుచ్చుకుంటే సగటు అలను అచ్చంగా అనుసరిస్తుంది.

తప్పు ఎక్కడికి పోయింది? పోలేదు. ఖాతా రోజూ అటూ ఇటూ ఊగుతున్నట్టే అది అతివేగమైన వణుకుగా మారి చెవి హద్దుకు ఎంతో పైకి ఎగబాకింది. తరువాత వచ్చే వడపోత ఆ వణుకును ఆపేసి, అడుగునున్న అలను వదులుతుంది. ఇప్పటి చిప్పులు ఒక్క నోటుతో కాక కొన్ని సమానమైన మెట్లతో ఈ పని చేస్తాయి. సమానమని చేసినవి కూడా వెంట్రుకవాసి తేడాగా ఉంటాయి కదా! అందుకని ఎప్పుడూ ఒకే మెట్టును వాడకుండా వంతులవారీగా తిప్పుతారు. ఏ ఒక్కదాని లోపమూ పాట మీద మచ్చగా పడదు, అందరి లోపాలూ కలిసి వినపడనంత సన్నటి బుసగా చెదిరిపోతాయి. ఇదంతా గోరుకంటే చిన్న సిలికాన్ బిళ్లలో. కొలతలో కచ్చితత్వం దొరకని చోట కాలంలో కచ్చితత్వాన్ని కొనుక్కున్నారు. నాకు తెలిసిన యంత్రాల్లో ఇంత తెలివైన బేరం ఇంకొకటి లేదు.

డాక్ ఇచ్చిన అల బలహీనమైంది. ఇయర్‌ఫోను పొరను నెట్టడానికి ఆంప్లిఫయరు కావాలి. ఆ పొర ముందుకూ వెనక్కూ ఊగాలి, కరెంటు రెండు వైపులా పారాలి. ఫోను బ్యాటరీ ఇచ్చేది మాత్రం సున్నాకు పైనున్న సుమారు 3.7 వోల్టులు. పాత ఉపాయం ఏమిటంటే అలను బ్యాటరీ వోల్టుల్లో సగం మీద నిలిపి, ఆ సగాన్ని బయటికి పోనీయకుండా దారిలో కెపాసిటరు అడ్డం పెట్టడం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోనుకు 20 హెర్ట్జ్ దాకా మంద్రం అందాలంటే అది 500 మైక్రోఫారడ్‌లు ఉండాలి. సన్నటి ఫోనులో అంత డబ్బాకు చోటెక్కడ? చిన్నది పెడితే సిర్ర దెబ్బ బక్కచిక్కుతుంది. కొత్త ఉపాయంలో ఒక చిన్న కెపాసిటరు ఏతం బొక్కెనలా పనిచేస్తుంది. బ్యాటరీ దగ్గర నింపుకుంటుంది, వెంటనే స్విచ్చులు దాన్ని విడదీసి పై కాలును నేలకు కలుపుతాయి. పై కాలు సున్నా అయితే కింది కాలు సున్నాకు దిగువన ఉండక తప్పదు కదా. ఇట్లా సెకనుకు లక్షల సార్లు తోడి, బ్యాటరీలో లేనే లేని రుణ వోల్టును పుట్టిస్తారు. ఇక పెద్ద కెపాసిటరు అక్కర్లేదు.

ఆంప్లిఫయరుకు ఇంకో గుణం ఉండాలి: దాని సొంత నిరోధం తక్కువగా ఉండాలి. మంచి ఇయర్‌ఫోన్లలో కొన్నిటి నిరోధం స్వరాన్ని బట్టి మారుతుంది. ఆంప్లిఫయరు నిరోధం ఎక్కువైతే ఒక్కో స్వరం దగ్గర వోల్టు ఒక్కోలా పంచుకుంటుంది, పాట రంగు మారిపోతుంది. ఇయర్‌ఫోను ఓమ్‌లలో 8వ వంతు దాటకూడదన్నది వాడుక సూత్రం.

ఇక బయటికి వచ్చే గుమ్మం, 3.5 మిల్లీమీటర్ల రంధ్రం. దాంట్లో దూరే పిన్నుకు మూడు నల్లగీతలు, నాలుగు భాగాలు: కొన ఎడమ చెవికి, మొదటి ఉంగరం కుడి చెవికి, రెండోది ఉమ్మడి నేల, మొదలు మైకుకు. 2016లో ఐఫోన్ 7 ఈ గుమ్మాన్ని మూసేసింది. అదే ఏడు ఎల్‌జీ సంస్థ వీ20 ఫోనులో ఈఎస్‌ఎస్ కంపెనీ చిప్పుతో 4 డాక్‌లను జోడించింది. భజనలో నలుగురు ఒకే గొంతుగా పాడితే పాట పెరుగుతుంది, ఒక్కొక్కరి అపశ్రుతి ఒక్కో చోట పడి పలచబడుతుంది. అదే సూత్రం. సంగీతప్రియులు ఆ వరుస ఫోన్లను నెత్తిన పెట్టుకున్నారు. 2021లో ఎల్‌జీ ఫోన్ల వ్యాపారమే మానేసింది. ఇప్పుడు మన బజార్లో వింత ఏమిటంటే ధర తగ్గేకొద్దీ రంధ్రం కనబడుతుంది, పెరిగేకొద్దీ మాయమవుతుంది.

రంధ్రం లేని ఫోనుకు టైప్-సీ కొసకు తగిలించే చిన్న తోక దొరుకుతుంది. ఇక్కడే జనం మోసపోతారు. తోకల్లో రెండు జాతులు. ఒకదాంట్లో ఉత్త తీగలే, అది ఫోను లోపలి డాక్‌ను ఆ గుమ్మానికి కలిపిన కొన్ని ఫోన్లకే పనిచేస్తుంది. రెండోదాంట్లో డాక్, ఆంప్లిఫయరు రెండూ వేలి కొసంత మేర ఇమిడి ఉంటాయి. రెండో జాతిది మంచిది దొరికితే ఫోను లోపల ఏ చిప్పు ఉన్నా సంగీతానికి పట్టింపు లేదు. అంకెలు అట్లాగే బయటికొచ్చి తోకలోనే అల అవుతాయి.

బ్లూటూత్ దారి వేరు. అప్పుడు డాక్ ఉండేది చెవిలోని గుండీలో. ఫోను డాక్ గురించి ఎంత గొప్ప చెప్పినా దానికి ఆ పూట సెలవే. ఫోను చేసేదల్లా పాటను మళ్లీ ఒకసారి కుదించి గాలిలో పంపడం. ఎస్‌బీసీ సుమారు 328 కిలోబిట్లలో పంపుతుంది. సోనీ చేసిన ఎల్‌డీఏసీ 330, 660, 990 అనే మూడు మెట్ల మీద నడుస్తుంది, ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ వ్యవస్థలోనే చేరింది. ఐఫోన్‌కు అది రాదు, ఏఏసీతో సరిపెట్టుకుంటుంది. ఫోనుకూ గుండీలకూ ఇద్దరికీ తెలిసిన భాషే నడుస్తుంది గనుక ఒక్క ఫోను డబ్బా మీద రాత చూసి మురవడం దండగ.

దుకాణంలో మూడు ఫోన్లు బల్ల మీద పెట్టించాం. లోపల డాల్బీ, ఈక్వలైజరు లాంటి సోకులన్నీ ఆపేశాం. మేనల్లుడు తన తీగ ఇయర్‌ఫోను ఒక్కోదానికి పెట్టి, పాట మొదలవకముందు వచ్చే నిశ్శబ్దాన్ని విన్నాడు. ఒకదాంట్లో బుస. రెండోదాంట్లో తెర మీద వేలు జరిపినప్పుడల్లా సన్నటి కీచు. మూడోది నోరు మెదపలేదు. మూడిట్లో అదే తక్కువ ధర. పైగా రంధ్రం ఉంది, మెమరీ కార్డుకు అర కూడా ఉంది. మిగిలిన డబ్బుతో చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసే రబ్బరు టోపీల ఇయర్‌ఫోను కొనిపించాను. వాడు పాటలు వినేది పరకాల వెళ్లే పల్లెవెలుగు బస్సులో. 16 బిట్లు సుమారు 96 డెసిబెళ్ల ఎత్తుపల్లాలను మోస్తాయి, బస్సు ఇంజను అందులో దిగువ సగాన్ని మింగేస్తుంది. అక్కడ 24 బిట్ల ఫైలు చేసేదేమీ లేదు, రబ్బరు టోపీ చేసేది చాలా ఉంది. బిగువు తప్పితే మంద్రం కూడా ఆ సందులోంచే జారిపోతుంది. "ఫోనుకన్న బిరడలకే ఎక్కువ సూపెడ్తున్నవేంది మామా" అని నవ్వాడు.

వారం తరువాత ఫోను చేశాడు. దోస్తు దగ్గరి అసలు ఫైలు కార్డులో వేసుకుని, రాత్రి ఇంట్లో ఫ్యాను బంద్ చేసి విన్నాడట. చిటికెన పుల్ల ఎట్లుందిరా అని అడిగాను.

"అది సరే మామా. దరువు మారే ముందు ఎనుక ఎవలో దగ్గిన్రు. గిన్నొద్దులు నాకు దెల్వనే దెల్వది."