చైన్‌కు ఓ కప్పు

ఈ వారం మధిర స్టేషన్ రోడ్డులో ఒక యెజ్డి రోడ్‌కింగ్ కనిపిస్తే ఆగిపోయాను. తాతగారి బండిని మనవడు మళ్లీ రోడ్డెక్కించాడు. ట్యాంకు రంగు, క్రోమియం మెరుపు, రెండు సైలెన్సర్ల నుంచి వచ్చే ఆ పాత చప్పుడు అన్నీ కుదిరాయి. ఒక్క మార్పు చేశాడు: చైన్ కేసు తీసేశాడు. కొత్త చైన్ తళతళలాడుతూ బయటికే ఉంది. ఎందుకు తీశావని అడిగితే, "కనపడితేనే కదా బాబాయ్, ఆయిల్ వెయ్యాలని గుర్తొస్తది" అన్నాడు.

ఆ మాట నాకు భలే నచ్చింది. చైన్‌ను పట్టించుకునే కుర్రాడు దొరకడమే అరుదు. నా పాత పట్టుదలలు మీకు తెలిసినవే. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చైన్‌కు పొయ్యొద్దు, అందులో లోహపు నలుసులుంటాయి. చైన్ సాగిందని లింకు తీయించొద్దు. చైన్ ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్ల మీద వేయించొద్దు.

నిజానికి చైన్ సాగదు. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ తయారుచేసిన బుష్ రోలర్ చైనే ఇప్పటికీ మన బళ్లకు ఆధారం. ప్రతి కీలులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు, పైన రోలరు. పిన్నూ బుష్షూ వెంట్రుకవాసి చొప్పున అరుగుతాయి. అన్ని కీళ్ల అరుగుదలా కలిస్తే చైన్ వేలాడుతుంది. లింకు తీస్తే పొడవు తగ్గుతుంది కానీ, కీలుకూ కీలుకూ మధ్య పెరిగిన దూరం తగ్గదు. అలాంటి చైన్ పళ్ల మొదట్లో కూర్చోలేక పైకెక్కి, వాటిని ఒకవైపే తినేస్తుంది. ఆ పళ్ల మీద కొత్త చైన్ వేస్తే దానికీ అదే గతి.

కొనేటప్పుడు చైన్ మీది అంకె చూడండి. 428లో మొదటి 4 అంటే కీళ్ల మధ్య దూరం అంగుళంలో ఎనిమిదింట నాలుగు వంతులు, అంటే అరంగుళం. 530లో 5 అంటే ఎనిమిదింట ఐదు వంతులు. పాత బుల్లెట్‌కు వెనక చైన్ ఇదే. కొత్తదైతే దాని 24 లింకులు సరిగ్గా 15 అంగుళాలు ఉండాలి. పావు అంగుళం పెరిగిందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవాలి. కొలబద్ద లేకపోతే వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వేలితో లాగండి, సగం పన్ను బయటపడితే మార్చాల్సిందే. లాక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిశకు ఉండాలి.

పాత బుల్లెట్‌లో చిక్కేమిటంటే, ముందు స్ప్రాకెట్ క్లచ్చు వెనక దాక్కుని ఉంటుంది. వెనకది బ్రేకు డ్రమ్ముతో కలిసే ఉంటుంది. సెట్టు మొత్తం మార్చాలంటే ఒకవైపు క్లచ్చు విప్పాలి, మరోవైపు డ్రమ్మే కొనాలి. "చైన్ ఒక్కటి మార్చుదాం సార్" అని మెకానిక్ అనేది అందుకే.

ఇదంతా చెబుతుంటే మా మామయ్య యెజ్డి గుర్తొస్తోంది. బోనకల్లు వైపు నల్లరేగడిలో మిరప వేసేవాడు. ఎండాకాలం పొలాల దారిలో మోకాలి ఎత్తు దుమ్ము, వానాకాలం చక్రానికి చుట్టుకునే బురద. ఖమ్మం మిర్చి యార్డుకు పోవాలన్నా, భద్రాచలం రాములవారి కల్యాణానికి పోవాలన్నా ఆ బండే. చైన్ కేసు మాత్రం దసరాకు ముందురోజే విప్పేవాడు. ఆయుధపూజకు బండి ముస్తాబవ్వాలి కదా. పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. చైన్ తీసి కిరసనాయిలు డబ్బాలో రాత్రంతా నానబెట్టేవాడు. పొద్దున్నే గుడ్డతో తుడిచి, ఆరాక సన్నసెగ మీద కరిగించిన గ్రీజులో ముంచి, వేలాడదీసేవాడు. (రబ్బరు ఓ-రింగులున్న ఇప్పటి చైన్లను అలా వేడి చేయకూడదు.) ఆపైన బంతిపూల దండ, కుంకుమబొట్టు.

పక్కింటాయనది బుల్లెట్. ఆయన ప్రతి ఆదివారం చైన్‌కు ఆయిల్ వేసేవాడు, ఏ వారమూ తప్పేవాడు కాదు. దసరాకు ఆయనా చైన్ నానబెట్టేవాడు. రెండు డబ్బాలూ మా అరుగు మీదే పక్కపక్కన ఉండేవి. మామయ్య డబ్బాలో కిరసనాయిలు కాస్త గోధుమరంగుకు తిరిగేది, అంతే. పక్కింటాయన డబ్బా నల్లటి బురద. ఒంపితే అడుగున సన్నటి ఇసుక.

ఏడాదికోసారి చూసుకున్న చైన్ శుభ్రంగా ఉంది. వారం వారం చూసుకున్నది అరిగింది. కారణం స్పష్టం. బుల్లెట్ చైన్‌కు పైన గార్డు తప్ప మరో రక్షణ లేదు. తడి ఆయిల్ మీద రేగడి దుమ్ము, ఏటి ఇసుక అతుక్కుని సానపెట్టే ముద్దగా మారతాయి. యెజ్డి చైన్ రేకు కేసులో, రబ్బరు తొడుగుల్లో తిరుగుతుంది, దుమ్ముకు దారే లేదు. చెక్ జావా నుంచి వచ్చిన ఆ ఏర్పాటును మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడేదాకా వదల్లేదు. పంక్చరైతే చైన్ కదపకుండానే వెనక చక్రం ఊడివస్తుంది. వెనక కూర్చున్న అమ్మ చీరకొంగుకూ భయం ఉండదు.

అందుకే, చైన్ కళ్లెదురుగా ఉంటేనే బాగుంటుందన్న మాటను మన నేలమీద నేను ఒప్పుకోలేను. మన శ్రద్ధ వారానికి ఒక్క పూట, దుమ్ము రోజంతా. కప్పి ఉంటే మరిచిపోతామన్న భయం న్యాయమైనదే. దానికి మందు వానలు వెళ్లాక ఒకసారి, మిరప కోతలయ్యాక ఒకసారి కేసు విప్పి చూడటం. కేసు లేని బుల్లెట్లవాళ్లు ముందు తుడిచి, ఆ తర్వాతే ఆయిల్ వేయండి. బండి నడిపి వచ్చాక, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు, లోపలి వైపున వేసి, కారిన మిగులు తుడిచేయండి.

పాత బండిని నిలబెట్టే పిల్లలకు నా మాట ఇది: క్రోమియానికి పెట్టే డబ్బులో కొంత ముందు కేసుకూ రబ్బరు తొడుగులకూ తీసిపెట్టండి. తొడుగులు చిరిగితే మార్చండి, కేసు సొట్టపోతే రేకు పనివాళ్ల చేత సరిచేయించండి. తయారుచేసినవాళ్లు దుమ్ము రోడ్లను తలచుకుని పెట్టిన భాగాన్ని తిరిగి బిగించాకే ఆ బండి పూర్తయినట్టు.