ఫైర్‌వాల్ పనివాళ్లు

గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన రొంపిచెర్ల రైతు డబ్బు పడిందా అని ఫోన్ చూసుకుంటాడు. ఆ లెక్కలకు కాపలా బ్యాంకు ఫైర్‌వాల్. దాని ఫర్మ్‌వేర్ మార్చే ఇంజనీర్లంటే నాకెంతో గౌరవం. అందరూ పడుకున్నాకే వాళ్ల పని. ముందు కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీస్తారు, దించుకున్న ఫైలు చెక్‌సమ్‌ను అక్షరం వదలకుండా సరిచూస్తారు. జంట ఫైర్‌వాల్‌లలో స్టాండ్‌బైలో ఉన్నదాన్ని మొదట మార్చి, ట్రాఫిక్ దానిమీదికి మళ్లించాకే రెండోదాన్ని ముట్టుకుంటారు. రీబూట్ అయ్యేంతసేపూ కన్సోల్ కేబుల్ తగిలించి, తెరమీద కదిలే వరుసల్నే చూస్తూ కూర్చుంటారు. ఎంత ఓపికో!

2024 ఏప్రిల్‌లో పాలో ఆల్టో కంపెనీ ఫైర్‌వాల్‌లలో తీవ్రమైన లోపం బయటపడేసరికే దాడులు మొదలైపోయాయి. వెంటనే ఫర్మ్‌వేర్ మార్చాల్సిన అలాంటి తొందరలోనూ బ్యాకప్ మానని మనిషే నా దృష్టిలో మంచి పనివాడు. బ్యాంకు శాఖలు తెరిచేలోపు వాటిని కలిపే వీపీఎన్ టన్నెళ్లన్నీ లేచాయో లేదో ఒక్కొక్కటీ చూసుకుని గానీ అతను ఇంటికి బయల్దేరడు.