మౌస్ ఎవరి చేతిలో ఉంది?

"తరగతి గదిలో డిజిటల్ టెక్నాలజీ వాడేలా టీచర్లకు సాయపడాలి" అనే మాట మీద ఈ రోజు ఎవరికీ పేచీ లేదు. ప్రభుత్వాలు అంటున్నాయి, కంపెనీలు అంటున్నాయి, స్వచ్ఛంద సంస్థలు అంటున్నాయి, టీచర్ల సంఘాలూ అంటున్నాయి. అందరూ ఒప్పుకుంటున్న మాట దగ్గరే దళిత బహుజనులు కాస్త ఆగి చూడాలి. సాయం ఎవరు చేస్తున్నారు? ఎవరికి చేస్తున్నారు? ఆ సాయం పేరుతో టీచరు చేతికి ఏం వచ్చింది, చేతిలోంచి ఏం పోయింది? ఈ వ్యాసంలో మేము చర్చించదలచుకున్నది ఇదే.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. మేము టెక్నాలజీకి వ్యతిరేకులం కాదు. "పిల్లలకు తెరలెందుకు, చెట్టు కింద చదువే అసలు చదువు" అని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల పిల్లలు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కోడింగ్ నేర్చుకుంటున్నారు. ఇంగ్లీషు మీడియం విషయంలోనూ ఇదే తంతు చూశాం. వాళ్ళ పిల్లలకు ఇంగ్లీషు, మన పిల్లలకు మాతృభాష మీద ప్రేమ! కాబట్టి కంప్యూటరు వద్దనే వాదన మాది కాదు. జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం 2017-18లో దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం మాత్రమే. పట్టణాల్లో 23.4 శాతం. ఇంట్లో లేనిది బడిలోనైనా దొరకాలి గదా. మాల, మాదిగ, లంబాడా, కోయ పిల్లల్లో ఎక్కువమంది కీబోర్డు మొదటిసారి ముట్టుకునేది ప్రభుత్వ బడిలోనో, సాంఘిక సంక్షేమ గురుకులంలోనో. అందుకే ఆ బడి టీచరుకు ఏం నేర్పుతున్నారు, ఎట్లా నేర్పుతున్నారు అనేది మనకు సాంకేతిక విషయం కాదు, చదువు హక్కుకు సంబంధించిన విషయం.

వడపోత ఇంకా పోలేదు

1882లో హంటర్ విద్యా కమిషన్‌కు ఇచ్చిన నివేదనలో జోతిరావు ఫూలే బ్రిటిష్ సర్కారు విద్యావిధానాన్ని మొహమాటం లేకుండా తప్పుపట్టాడు. పైకులాల వాళ్ళకు పెద్ద చదువులు చెప్పిస్తే ఆ జ్ఞానం మెల్లగా కిందికి దిగుతుందని అప్పటి పాలకుల నమ్మకం. దాన్నే వడపోత సిద్ధాంతం అంటారు. పైన పోసింది పైనే ఆగిపోయిందన్నది ఫూలే విమర్శ సారం. అదే నివేదనలో ఆయన ప్రాథమిక బడి పంతుళ్ళ గురించి కూడా మాట్లాడాడు. ఉన్నవాళ్ళు దాదాపు అందరూ బ్రాహ్మణులేనని ఎత్తిచూపాడు. వ్యవసాయ కులాల నుంచి శిక్షణ పొందిన టీచర్లు రావాలని, వాళ్ళకు తగిన జీతం ఇవ్వాలని అడిగాడు. నాగలి మేడి పట్టడానికీ, వడ్రంగి బాడిస పట్టడానికీ సిగ్గుపడనివాళ్ళు, కింది జనంలో కలిసిపోగలిగినవాళ్ళు టీచర్లు కావాలన్నాడు.

పనిముట్టుకూ పంతులుకూ ఉండాల్సిన సంబంధాన్ని ఫూలే 140 ఏళ్ళ కిందటే పట్టుకున్నాడన్నమాట. ఇవాళ్టి పనిముట్టు కంప్యూటరు. ఇవాళ్టి వడపోతకు పెట్టిన కొత్త పేరు 'కాస్కేడ్' శిక్షణ. ఢిల్లీలో తయారైన మాడ్యూలు రాష్ట్రంలోని రిసోర్స్ పర్సన్లకు, వాళ్ళ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి బడికి దిగుతుంది. 2019 ఆగస్టు 21న మొదలైన 'నిష్ఠా' కార్యక్రమం సుమారు 42 లక్షల మందిని గురిగా పెట్టుకుంది. కరోనా కాలంలో, 2020 జూలైలో, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లతో అది ఆన్‌లైన్‌కు మారింది. ఆ అక్టోబరు నుంచి 'దీక్షా' వేదిక మీద 18 మాడ్యూళ్ళుగా నడిచింది. బోధనలో ఐసీటీని కలపడం మీద అందులో ఒక మాడ్యూలు ఉంది.

ఇట్లాంటి శిక్షణలో టీచరు చేసే పనేంటి? వీడియో చూడాలి, క్విజ్ పూర్తి చెయ్యాలి, సర్టిఫికెట్ దించుకోవాలి. మాడ్యూళ్ళలో మంచి విషయాలు లేవని మేము అనడం లేదు. కానీ కింద ఉన్న టీచరు పైకి ఒక్క మాటైనా పంపే దారి ఎక్కడుంది? "మా లాబ్‌లో పది కంప్యూటర్లుంటే మూడే పనిచేస్తున్నాయి, అప్పుడు ఈ పాఠం ఎట్లా చెప్పాలి?" అని అడిగితే క్విజ్ జవాబివ్వదు. 2014 నాటి బి.ఎడ్. పాఠ్య ప్రణాళికలో 'ఐసీటీని విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడం' అనే అంశమే ఉంది. కాగితం మీద ఎంత మంచి మాట! తీరా కొలువులోకి వచ్చాక ఆ విమర్శ ఎక్కడికి పోయింది? పై నుంచి వచ్చింది తాగడమే శిక్షణ అయిపోయింది.

పెట్టె వచ్చింది, టీచరు బయటే

2004 డిసెంబరులో కేంద్రం బడుల్లో ఐసీటీ పథకం మొదలుపెట్టింది. దాని కింద 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ లాబ్‌లు వచ్చాయి. వాటిని 'బూట్' పద్ధతిలో ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. అంటే ఏజెన్సీయే పెడుతుంది, సొంతం చేసుకుంటుంది, నడుపుతుంది, ఐదేళ్ళ తర్వాత బడికి అప్పజెబుతుంది. నేర్పడానికి చాలీచాలని జీతం మీద ఇన్‌స్ట్రక్టర్లు. ఈ ఏర్పాటులో అసలు లోపం ఏందంటే, బడిలో పర్మనెంటుగా ఉండే లెక్కల టీచరు, సైన్సు టీచరు, తెలుగు టీచరు లాబ్ గడప బయటే ఉండిపోయారు. కంప్యూటరు పాఠం వేరు, సైన్సు పాఠం వేరు. ఒప్పందం ముగిసింది, ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డున పడ్డారు. నడిపే మనిషి లేని యంత్రం మిగిలింది.

2022లో యంత్రం మారింది, పద్ధతి మారలేదు. ఆ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. పేదపిల్లల చేతికి ట్యాబు రావడాన్ని ఎగతాళి చేసినవాళ్ళతో మాకు పొత్తు లేదు. ఆ ఎగతాళిలో కులం వాసన మాకు తెలుసు. మా ప్రశ్న వేరు. ట్యాబులో పాఠం ముందే నింపి వచ్చింది. టీచరు దాన్ని మార్చలేదు, తన మాట కలపలేదు. కంపెనీ ఉన్నన్నాళ్ళే ఆ పాఠానికి దిక్కు. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. టీచరుకు పాఠం తయారు చేసుకునే శక్తి ఇచ్చి ఉంటే, ఏ కంపెనీ మునిగినా ఆ శక్తి బడిలోనే ఉండేది.

పరికరాలు కూడా ఇంకా అందరికీ చేరలేదు. కేంద్ర ప్రభుత్వ యూడైస్ లెక్కల ప్రకారమే 2024-25లో ఇంటర్నెట్ ఉన్న బడులు 63.5 శాతం. అంటే మూడింట ఒక బడికి పైగా ఇంకా బయటే ఉంది.

కాపలా ఫోను

టీచరుకూ డిజిటల్ టెక్నాలజీకీ రోజూ జరిగే ములాఖత్ ఎక్కడ? పాఠంలో కాదు, హాజరులో! 2022 ఆగస్టు 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు తమ సొంత ఫోన్లలో యాప్ పెట్టుకుని, మొహం చూపించి హాజరు వేసుకోవాలన్నారు. సంఘాలు వ్యతిరేకించాయి. సొంత ఫోను, సొంత డేటా, తొమ్మిది దాటితే ఏం చేస్తారోనన్న భయం. అంతకుముందే మధ్యాహ్న భోజనం ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు ఎక్కించే పని కూడా టీచర్ల నెత్తిన పడింది. ఫోను తీసిన ప్రతిసారీ పైవాడికి లెక్క చెప్పుకోవాల్సిన మనిషికి, అదే ఫోనుతో పాఠం చెప్పాలన్న ఉత్సాహం ఎట్లా పుడుతుంది? టీచర్లకు టెక్నాలజీ అంటే భయమని, మార్పు అంటే పడదని అధికారులు తేలిగ్గా అనేస్తారు. వాళ్ళకు యంత్రం భయం లేదు. వాళ్ళూ వాట్సాప్ వాడతారు, యూట్యూబ్ చూస్తారు. యంత్రం వెనక నిలబడ్డ పెద్దరికాన్ని చూసి జంకుతున్నారు.

ఏ పాఠం? ఎవరి తెలుగు?

రికార్డు చేసిన పాఠం ఒకే తెలుగు మాట్లాడుతుంది. అందులో 'గేదె' ఉంటే ఆదిలాబాద్ పిల్లకు 'బర్రె' అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి టీచరే. తెర మీది ఊరి బొమ్మలో గుడి ఉంటుంది, చెరువు ఉంటుంది, పంచాయితీ ఆఫీసు ఉంటుంది. వాడ ఉండదు. వాడ పిల్లలు కూర్చున్న తరగతిలో ఆ ఖాళీని చూసి, పటాన్ని సరిచేయగలిగింది కూడా టీచరే. అందుకే టీచర్ని పక్కకు జరిపే టెక్నాలజీ ఎవరికి నష్టం చేసినా చెయ్యకపోయినా, మన పిల్లలకు రెండింతల నష్టం చేస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాం. ఆమ్లాలు, క్షారాల పాఠం ఉంది. వీడియోలో తెల్లకోటు వేసుకున్న మనిషి గాజు గొట్టాల్లో రంగులు మారుస్తాడు. మాదిగ ఇళ్ళల్లో తరతరాలుగా పచ్చితోలు వెంట్రుకలు ఊడడానికి సున్నంలో నానబెట్టారు. తర్వాత లందలో తంగేడు చెక్క రసంలో ఊరబెట్టి తోలును చెడకుండా చేశారు. అది రసాయన శాస్త్రం. ఆ పని తెలిసిన ముసలాయన ఊళ్ళో ఉంటే, ఆయన మాటల్లోనే, ఆయన ఇష్టంతో, ఒక ఫోనులో పదినిమిషాలు రికార్డు చేస్తే అది ఏ కంపెనీ ఇవ్వలేని పాఠం.

అయితే ఇది తేలిక పని అని మేము అనుకోవడం లేదు. కులం గురించి ఆలోచించని టీచరు చేతిలో ఇదే వీడియో ప్రమాదం. "మీ తాత తోళ్ళు ఊనుతాడంట గదరా" అని ఒకడు నవ్వితే ఆ పిల్లవాడు మర్నాడు బడికి రాడు. లందను శాస్త్రంగా చూపించాలా, పిల్లవాణ్ణి దానికి కట్టేయాలా అన్న తేడా తెలిసి ఉండాలి. ఆ తేడా బటన్లు నొక్కడం నేర్పితే రాదు. టీచర్ల డిజిటల్ శిక్షణలో కులం గురించి ఒక గంట ఎందుకు పెట్టరు అని మేము అడిగేది ఇందుకే.

ఇక మౌస్ సంగతి. ఒక కంప్యూటరు ముందు ఐదుగురు పిల్లలు కూర్చున్నారనుకోండి. మౌస్ ఎవరు పట్టుకుంటారు? ఇంట్లో ఇదివరకే చూసినవాడు, గట్టిగా మాట్లాడేవాడు, ఎక్కువగా మగపిల్లవాడు. వెనక నిలబడి మెడ చాచి చూసేది ఎవరు? పీరియడ్ అయిపోతుంది, రిజిస్టరులో మాత్రం ఐదుగురూ కంప్యూటరు నేర్చుకున్నట్టే. పాత బడిలో పలక విడిగా పెట్టించిన సమాజం కొత్త బడిలో మౌస్ దగ్గర ఊరికే మారిపోదు. దాన్ని మార్చగలిగింది, వంతులు వేసి అందరి చేతా పట్టించగలిగింది టీచరు. ఏ మాడ్యూలు ఈ పని నేర్పుతోంది?

వేరే దారి ఉందా?

ఉంది. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు బడి టీచర్లలోంచే శిక్షకులను తయారుచేసింది. లైసెన్సు ఫీజులు కట్టాల్సిన సాఫ్ట్‌వేరు వదిలి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారింది. తెలంగాణలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఎం.ఐ.టి., టాటా ట్రస్ట్స్ కలిసి నడిపిన 'క్లిక్స్' కార్యక్రమం పాఠాలను తెలుగులో, ఎవరైనా వాడుకునేలా తయారుచేసింది. టీచర్లకు తమ బోధన మీద తామే ఆలోచించుకునే సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. ఈ రెండింట్లోనూ టీచరు పాఠానికి కూలీగా కాక, కర్తగా నిలబడే చోటు కొంత దొరికింది.

అయితే కేరళ నమూనాను మేము నెత్తిన పెట్టుకోవడం లేదు. 2020 జూన్ 1న అక్కడ టీవీ, ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజే మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పనిచెయ్యలేదు, స్మార్ట్ ఫోన్ లేదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న రాష్ట్రంలో కూడా, పాఠం ప్రసారమయ్యే ముందు "ఇది ఎవరి ఇంటికి చేరదు?" అన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళు ఆ పిల్లల టీచర్లే. లెక్కలు తీసుకున్నంత తేలిగ్గా టీచర్ల మాటను వ్యవస్థ వినదు.

కాబట్టి మేము కోరేవి ఇవీ. శిక్షణ మండలంలో రెండు రోజుల తంతుగా కాకుండా, బడిలోనే ఏడాది పొడవునా సాగాలి. రిసోర్స్ పర్సన్లలో దళిత, ఆదివాసీ, మహిళా టీచర్లకు వాటా ఉండాలి. ప్రజల డబ్బుతో తయారైన ప్రతి పాఠాన్నీ టీచరు కోసుకుని, కలుపుకుని, మార్చుకునే హక్కు ఉండాలి. హాజరు యాప్‌కూ పాఠం చెప్పే పరికరానికీ మధ్య గోడ కట్టాలి. తరగతిలో కులం ఎట్లా పనిచేస్తుందో శిక్షణలో భాగం కావాలి.

ఇవన్నీ జి.ఓ.లు వచ్చేదాకా ఆగాల్సిన పనులు కావు. ఈ పేజీలు చదువుతున్న టీచర్లు రేపే ఒక పని చెయ్యొచ్చు. మీ లాబ్‌లో ఒక నెలపాటు మౌస్ ఎవరి చేతిలో ఎంతసేపు ఉందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ఎవరి వంతు ఎప్పుడూ రాలేదో చూడండి. పిల్లల పేర్లు లేకుండా ఆ వివరాలు మాకు రాసి పంపండి. విద్యార్థులు తమ హాస్టళ్ళ సంగతి రాయండి. ఈ చర్చను ఆ లెక్కలతోనే ముందుకు తీసుకుపోదాం.