వెబ్ ఈమెయిల్ - బ్రౌజర్ అనుకూలత: తెలుగు పాఠ విశ్వసనీయత

1. ఉపోద్ఘాతం

తెలుగులో లేఖాసాహిత్యానికి విశిష్ట స్థానం ఉంది. చలం, సంజీవదేవ్ లేఖలు వారి వ్యక్తిత్వ అధ్యయనానికి ముఖ్య ఆధారాలు. నేటి రచయితల ఉత్తరప్రత్యుత్తరాలు చాలావరకు ఈమెయిల్ రూపం పొందాయి. ఒకే లేఖ ఒక బ్రౌజర్‌లో సరిగాను, మరొక బ్రౌజర్‌లో చెదిరిపోయి కనిపించడాన్ని సాంకేతిక అసౌకర్యంగా మాత్రమే భావించడం పరిపాటి. కానీ ఆ లేఖ పరిశోధనకు ఆకరమైనప్పుడు అది పాఠ విశ్వసనీయతకు సంబంధించిన సమస్య అవుతుంది.

2. ఒకే బ్రౌజర్‌కు కట్టుబడిన నిర్మాణం

మైక్రోసాఫ్ట్ వారి 'అవుట్‌లుక్ వెబ్ యాక్సెస్' దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. 2003, 2007 సంచికలలో దాని సంపూర్ణ రూపం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితమైంది. ఇతర బ్రౌజర్లు వాడేవారికి సౌకర్యాలు తగ్గించిన సరళరూపమే లభించింది. ఫైర్‌ఫాక్స్, సఫారీలలో సంపూర్ణ రూపం 2010 సంచికతో గాని అందలేదు. విశేషమేమంటే, పేజీని మళ్లీ తెరవకుండానే సమాచారాన్ని తెచ్చే ఎక్స్ఎమ్ఎల్ హెచ్‌టీటీపీ పద్ధతి ఈ అనువర్తనం కోసమే రూపొందింది. తరువాత ఇతర బ్రౌజర్లూ దానిని స్వీకరించాయి. 2004లో వచ్చిన జీమెయిల్ అదే పద్ధతిని పలు బ్రౌజర్లలో వినియోగించింది. అనుకూలతకు అడ్డుగా నిలిచింది సాంకేతిక అసాధ్యత కాదు, నిర్మాతల ఎంపిక అని దీనివల్ల స్పష్టమవుతుంది.

3. తెలుగు లిపి - రెండు దోషాలు

తెలుగు విషయంలో 'పనిచేస్తుంది' అన్న ఒక్క మాట అనుకూలతను నిర్ధారించలేదు. ఇక్కడ రెండు దోషాలను వేరుచేసి చూడాలి.

మొదటిది దర్శన దోషం. లేఖలోని సంకేతాలు సరిగానే ఉన్నా, ఖతి లేకపోవడం వల్లనో, ఒత్తులను కూర్చే వ్యవస్థ లోపం వల్లనో తెరపై అక్షరం చెడుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరానికి సంబంధించిన ఒక సంకేత క్రమం ఐఫోన్లలో అనువర్తనాలను స్తంభింపజేసింది. ఆ నెలలోనే సవరణ వెలువడింది. ఇందులో దోషం తెలుగు పాఠానిది కాదు, దానిని ప్రదర్శించిన వ్యవస్థది.

రెండవది పాఠ దోషం. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లుగా నమోదవుతుంది. తెలుగుకు చోటులేని సంకేత పద్ధతిలో జవాబును భద్రపరిస్తే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. బ్రౌజర్‌ను మార్చినా అవి తిరిగి రావు. యూనికోడ్‌కు పూర్వపు ఖతులతో రాసిన లేఖల స్థితి ఈ రెండింటికీ నడిమిది. వాటిలో తెలుగు అక్షరాలు రోమన్ సంకేతాల స్థానాలలో ఉంటాయి. ఏ ఖతితో రాశారో తెలిస్తేనే పాఠం దక్కుతుంది.

4. పరిష్కర్త బాధ్యత

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు లేఖక దోషాన్ని కవి ప్రయోగంగా పొరబడరు. ఈమెయిల్ విషయంలో లేఖకుని స్థానం బ్రౌజర్‌ది. తెరపై కనిపించిన రూపాన్ని చిత్రంగానో ముద్రిత ప్రతిగానో మాత్రమే దాచుకుంటే, ఒక లేఖకుని ప్రతినే మూలంగా స్వీకరించినట్లవుతుంది. శీర్షభాగంతో సహా మూల సందేశాన్ని భద్రపరచడం, సందేహాస్పద పాఠాన్ని కనీసం రెండు బ్రౌజర్లలో సరిచూడడం పరిశోధకుల విధి.

5. ముగింపు

బ్రౌజర్ అనుకూలతను అనువర్తన నిర్మాతలు సౌకర్యాల పట్టికతో కొలుస్తారు. తెలుగుకు ఆ కొలమానం చాలదు. రాసిన అక్షరం ఏ బ్రౌజర్‌లోనైనా అదే అక్షరంగా చేరినప్పుడే అనుకూలత సిద్ధించినట్లు. ఈ స్పృహ లేకుండా సేకరించిన ఈమెయిల్ లేఖలు రేపటి పరిశోధనకు నమ్మదగిన ఆకరాలు కాజాలవు.