బద్ద వెంట బద్ద: ఇంటి షెడ్డులో రూపుదిద్దుకునే కెనూ

పడవ దేహం ఒకేసారి రెండు దిక్కులకు వంగి ఉంటుంది: ముక్కు నుంచి తోక వరకు పొడవునా ఒక వంపు, అంచు నుంచి అడుగు వరకు మరో వంపు. వెడల్పాటి పలక ఒక దిక్కుకే సులువుగా లొంగుతుంది. రెండో దిక్కుకు లొంగదీయాలంటే ఆవిరి పట్టాలి, లేదా మందమైన కొయ్యను చెక్కి వంపు తేవాలి. పలకను సన్నని బద్దలుగా చీల్చి, కష్టమైన ఆ ఒక్క వంపును అనేక తేలిక వంపులుగా పంచేదే బద్దల పడవ నిర్మాణం. ఒంటిచేత్తో పనిచేసే గృహస్థుకు సైతం ఈ విద్య అందడానికి మూలకారణం ఈ పంపకమే.

19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో కెనడాలోని ఒంటారియోలో, పీటర్‌బరో పరిసరాల పనివారు, ఆదివాసుల కెనూల ఆకృతిని పలకల్లోకి, బద్దల్లోకి తెచ్చారు. కెనూ అంటే రెండు కొసలూ కోసుగా ఉండి, తెడ్డుతో నడిచే తేలికైన పడవ. ఆనాటి పడవల్లో బద్దలను పక్కటెముకల్లాంటి లోపలి వంకర కొయ్యలకు చిన్న మేకులతో బిగించేవారు. 20వ శతాబ్దంలో ఫైబర్‌గ్లాస్ అనే గాజునార వస్త్రం, ఎపాక్సీ అనే రెండు ద్రవాల జిగురు వచ్చాక ఆ కొయ్యల అవసరం తీరిపోయింది. టెడ్ మూర్స్ సహరచనలో 1983లో వెలువడిన ‘కెనూక్రాఫ్ట్’ ఈ పద్ధతిని ఇళ్లకు చేర్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది.

పని పడవతో కాక దాని మూసతో మొదలవుతుంది. పడవను అడుగుకొకచోట అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాలను ప్లైవుడ్‌లో కోసి, తిన్నని దిమ్మెపై వరుసగా, తలకిందులుగా నిలబెడతారు. వాటిపై సుమారు 6 మిల్లీమీటర్ల మందం, 19 మిల్లీమీటర్ల వెడల్పు గల ఎర్ర సెడార్ బద్దలను అంచు నుంచి అడుగు వైపుగా అతికిస్తూ పోతారు. ప్రతి బద్దకూ ఒక అంచు గుండ్రంగా ఉబికి, రెండోది గాడిలా లోతై ఉంటుంది. ఉబుకు గాడిలో కూర్చుని తిరుగుతుంది కనుక, వంపు ఎంత మారినా బద్దల మధ్య సందు పడదు. అడుగున మిగిలే కోలాకారపు ఖాళీలో మాత్రం ప్రతి బద్ద కొసనూ చిత్రికతో సన్నగా చెక్కి సరిపెట్టాలి. చిట్టచివరి బద్దకు రెండు వైపులా దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి, దాని అంచులను చదును చేసి, కొలిచి, మళ్లీ చెక్కి, సున్నితంగా నొక్కి దించుతారు.

జిగురు ఆరాక బద్దల మధ్య కనిపించే గట్లను చిత్రికతో, ఆపై పొడవైన పీటకు అంటించిన ఉప్పుకాగితంతో తీసివేస్తారు. ఈ దశలో కొలబద్ద కంటే అరచేయి నమ్మకమైన సాధనం. పక్కనుంచి వాలుగా పడే దీపపు వెలుగులో నీడగా తేలే గుంటను వేళ్లు ముందే పసిగడతాయి. తర్వాత పరిచే గాజువస్త్రం ఎపాక్సీలో తడిసి పారదర్శకమవుతుంది. చెక్క వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి తడి ఎపాక్సీలో బుడగలు లేపుతుంది కాబట్టి, షెడ్డు చల్లబడుతున్న వేళ ఈ పూత పూస్తారు. మూస నుంచి విడదీసి లోపలి వైపూ ఇలాగే కప్పితే, రెండు గాజుపొరలు ఒత్తిడిని, లాగుడును మోస్తాయి. వాటిని విడదీసి ఉంచే చెక్క బిగువునిస్తుంది. ఎండ ఎపాక్సీని పాడుచేస్తుంది కనుక పైన వార్నిష్ తప్పనిసరి. ఇలా తయారైన 16 అడుగుల కెనూను సాధారణంగా ఒక్కరే భుజాన మోయగలరు.

కోరమాండల్ తీరపు మసూలా పడవకూ పక్కటెముకలు లేవు. అయితే అది పలకలను కొబ్బరినార తాడుతో కుట్టి, అలల దెబ్బకు వంగేలా చేసిన పడవ. సెడార్ కెనూ వంగడానికి బదులు బిగుసుకుని, సరస్సులో చెదరని గీతలా సాగుతుంది. రెండూ తమ నీటికి తగిన జవాబులే. బద్దల పద్ధతికి మాత్రం ఒక కఠినమైన నియమం ఉంది: గాజూ ఎపాక్సీ వార్నిషూ పారదర్శకాలు కాబట్టి, తొందరపడి వదిలేసిన ప్రతి సందూ, సరిపడని ప్రతి కొసా పడవ ఉన్నంతకాలం కనిపిస్తూనే ఉంటుంది. దాచే వీలు లేని ఆ పొరల కిందే పనివాని ఓర్పు కూడా కనిపిస్తుంది.