రూట్ బ్రిడ్జ్‌ను మనమే నిలబెట్టాలి

2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక ముత్తుకూరు చుట్టూ థర్మల్ కేంద్రాలు, వంటనూనె ఫ్యాక్టరీలు లేచాయి. ఇలాంటి చోట్ల వేబ్రిడ్జ్ నుంచి గేటు కెమెరా దాకా అన్నీ స్విచ్‌ల మీదే నడుస్తాయి. వాటి మధ్య రెండు దారులు ఉండి తీరాలి. రోడ్డు పక్క జేసీబీ ఫైబర్‌ను ఎప్పుడు తెంపుతుందో, తుపానుకు ఏ స్తంభం ఒరుగుతుందో ఎవరు చెప్పగలరు? కానీ రెండు దారులుంటే లూప్ పడుతుంది. ఈథర్నెట్ ఫ్రేముకు ఆయుష్షంటూ లేదు. తిరుగుతూ, పెరుగుతూ కాసేపట్లోనే నెట్ మొత్తాన్ని ముంచేస్తుంది.

దీనికి మందు 1985లో డెక్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టిన స్పానింగ్ ట్రీ. ఊహ ఒక్క రాత్రిలో తట్టిందట! 1990లో ప్రమాణమైంది, 2001లో ర్యాపిడ్ రూపం వచ్చింది. నా ఓటు ఎప్పుడూ ర్యాపిడ్‌కే. పాత పద్ధతిలో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది.

పెన్నా కాలువ మీద మూసిపెట్టిన తూములాగా, అదనపు దారిని స్పానింగ్ ట్రీ మూసి ఉంచి, అసలు దారి తెగినప్పుడే తెరుస్తుంది. ఏది మూయాలో రూట్ బ్రిడ్జ్‌ను, అంటే స్విచ్‌లన్నిటికీ పెద్దగా ఎన్నికైన స్విచ్‌ను బట్టి తేలుతుంది. అసలు పనితనం ఇక్కడే ఉంది. ప్రయారిటీ ఎంత తక్కువైతే అంత పెద్దరికం. పెట్టెలోంచి తీసిన ప్రతి స్విచ్‌కూ అది 32768. అలాగే వదిలేస్తే మ్యాక్ అడ్రస్ చిన్నదైనది గెలుస్తుంది. చాలాసార్లు అది వాచ్‌మన్ గదిలోని పాత స్విచ్చే. చేయి తిరిగినవాడు సర్వర్ రూమ్‌లోని స్విచ్‌కు 4096, దాని వారసుడికి 8192 ఇస్తాడు. కంప్యూటర్లు తగిలే పోర్టులు వెంటనే తెరుచుకునేలా ఎడ్జ్, అక్కడ బీపీడీయూ (స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకునే సందేశం) వస్తే పోర్టును మూసేసేలా బీపీడీయూ గార్డ్ పెడతాడు. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉంటే ఫైబర్ ఒక పోగు తెగినా స్విచ్‌కు తెలియకపోవచ్చు. మూసి ఉన్న పోర్టు బీపీడీయూలు అందక తెరుచుకుంటుంది, లూప్ పడుతుంది. అందుకని అక్కడ లూప్ గార్డ్ వేస్తాడు. ఇంత ముందుచూపున్న కాన్ఫిగరేషన్ చదువుతుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడేమో ఆఫీసుల్లో మూలకొకటి చవక స్విచ్. వాటిలో కొన్ని బీపీడీయూలను మింగేస్తాయి. ఒకే తీగ రెండు కొసలూ అందులోనే గుచ్చితే గార్డ్ పెట్టినా ప్రయోజనం ఉండదు. ఇంకా ఘోరం, నెట్ నెమ్మదించగానే స్పానింగ్ ట్రీనే ఆపేసి 'సెట్ అయింది' అని వెళ్లిపోవడం. అది రిపేరు కాదు, ద్రోహం! 'అంతా రౌటింగే, ఇది పాతబడింది' అనే పెద్దలకు ఒకటే జవాబు: రొయ్యల ప్లాంట్‌లో పది స్విచ్‌లున్న యజమానికి కావలసింది ఇదే. అలాగని హద్దు దాటనివ్వకూడదు. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీకి తగిన ఏడు అంచెలను మించి పెరిగి కుప్పకూలింది. రోజుల తరబడి డాక్టర్లు కాగితాల మీద రాసుకున్నారు.

యజమానులారా, బిల్లు కట్టే ముందు ఒక్కటి అడగండి: మా రూట్ బ్రిడ్జ్ ఏది, అది పోతే తర్వాత ఏది? జవాబు కాగితం మీద రాయించి, ర్యాక్ తలుపుకు అంటించాకే డబ్బివ్వండి.