తలుపు స్పీకర్ మూగబోతే

కారు తలుపులోని స్పీకర్ పలకడం మానేస్తే అందరి అనుమానమూ ముందు దాని మీదికే పోతుంది. చాలాసార్లు అది నిరపరాధి. స్టీరియో వెనక మొదలైన తీగ, డ్యాష్‌బోర్డు కింద నుంచి, తలుపు కీళ్ల పక్కనున్న రబ్బరు గొట్టంలోంచి స్పీకర్ దాకా వస్తుంది. దారిలో ఎక్కడ తెగినా పాట ఆగిపోతుంది. కృష్ణా డెల్టాలో దీనికి తేమ తోడు. కూచిపూడి, మొవ్వ, పామర్రు బండ్ల చుట్టూ వరిచేలు, కాలువలే; బందరు వైపు వెళ్లేకొద్దీ ఉప్పుగాలి కూడా.

ముందు స్టీరియోలో బ్యాలెన్స్, ఫేడర్ మధ్యలో ఉన్నాయో లేదో చూడాలి. పిల్లలు నొక్కిన మీటకు తలుపు విప్పించిన ఘనులు ఉండకపోరు. తర్వాత శబ్దమంతా ఆ తలుపు వైపే తిప్పి, బాగా తెలిసిన పాట పెట్టి వినాలి. కూచిపూడి నృత్య సంగీతం ఇందుకు భేషైన పరీక్ష. నట్టువాంగం తాళాలు వినిపిస్తూ మృదంగం మాయమైతే, పైనున్న ట్వీటర్ బాగానే ఉందనీ, కింది పెద్ద స్పీకర్‌కో దాని తీగకో దెబ్బ తగిలిందనీ అర్థం. గరగరమంటే కోన్ చిరిగి ఉండాలి, లేదా కాయిల్ రాసుకుంటూ ఉండాలి.

పాట మోగుతుండగానే తలుపు మెల్లగా తెరిచి మూయాలి. ఒకచోట పలికి, మరోచోట ఆగితే దొంగ దొరికినట్టే: రబ్బరు గొట్టంలో తీగ విరిగింది. తలుపు వేసి తీసే ప్రతిసారీ వంగి వంగి లోపలి రాగి పోగులు తెగుతాయి. పైతొడుగు మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. అదే తలుపు అద్దం, లాక్ కూడా మొరాయిస్తుంటే ఇక సందేహం అక్కర్లేదు. వంగే చోట టేపు చుట్టిన అతుకు నిలవదు. ఆ భాగం వరకు కొత్త తీగ వేసి, వంపుకు దూరంగా టంకం పెట్టాలి.

ఇక్కడా తేలకపోతే డోర్ ప్యాడ్ విప్పక తప్పదు. కొన్ని కార్ల తలుపుల్లో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఉంటాయి కనుక ముందు బ్యాటరీ నెగెటివ్ తీయడం మంచిది. హ్యాండిల్ వెనక, చేయి ఆనించే చోట దాగిన స్క్రూలు తీశాకే క్లిప్పుల జోలికి వెళ్లాలి. ముందే లాగితే ప్యాడ్ విరుగుతుంది.

స్పీకర్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే అసలు సంగతి తేలుతుంది. 4 ఓమ్‌ల స్పీకర్ మామూలుగా 3 నుంచి 4 మధ్య చూపుతుంది. మీటరు అసలు కదలకపోతే కాయిల్ కాలిందో, కోన్‌కు వెళ్లే సన్నటి జడతీగ తెగిందో. మీటరు లేనివారు 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణం తాకించి చూడొచ్చు. మంచి స్పీకర్ టప్పుమంటుంది. స్పీకర్ బాగుండి తీగ కూడా సవ్యంగా ఉంటే, తప్పు స్టీరియోది. స్పీకర్ తీగల్లో దేన్నీ బండి రేకుకు తగలనివ్వకూడదు. నేటి స్టీరియోల్లో అలా తగిలితే లోపలి ఆంప్లిఫయర్ దెబ్బతినవచ్చు.

కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము కనిపిస్తే నీటి సంగతి చూడాలి. అద్దం అంచు నుంచి తలుపులోకి వాన నీరు దిగడం మామూలే. అడుగున రంధ్రాలు పెట్టింది అది పోవడానికే. దుమ్ము, బురద చేరి అవి పూడితే నీరు లోపలే నిలుస్తుంది. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చిరిగి ఉంటే ఆ తడి ఇంకా లోపలికి వస్తుంది. ఆ షీటును తిరిగి అంటించడానికి బద్ధకించే మెకానిక్‌లు ఉన్నారు. వచ్చే వానాకాలానికి ఆ బద్ధకం బయటపడుతుంది.

కొత్త స్పీకర్ వేయాల్సివస్తే ఓమ్‌లూ సైజూతో పాటు లోతు కూడా కొలవాలి, లేకుంటే దిగే అద్దం అయస్కాంతానికి తగులుతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే స్పీకర్ మోగుతుంది గానీ, రెండు వైపులా కలిసి మోగినప్పుడు మృదంగం పలచబడుతుంది. విజయవాడ ఆటోనగర్‌కు బండి తీసుకెళ్లేవారు కొత్త స్పీకర్‌కు డబ్బు ఇచ్చేముందు, పాతదానికి మీటరు పెట్టి చూపించమని అడగాలి.